డ్రెస్సింగ్ టైము

"స్టవ్ పేలిందండి." 1980ల్లో మా బర్న్స్ వార్డు గుమ్మం దగ్గర ఎప్పుడూ వినపడే మాట ఇదే. అత్తగారో, ఆడపడుచో, ఒక్కోసారి కట్టుకున్నవాడో చెప్పేవాళ్ళు. కోస్తాలో ఒక పెద్దాసుపత్రి అది, నేను స్టాఫ్ నర్సుని. పంపు స్టవ్ పేలడం జరగని పనేం కాదు. పేలితే ఎదురుగా కూర్చున్న మనిషికి ముందు పొట్టా తొడలూ చేతులూ కాలతాయి. అలా కాకుండా నడినెత్తి నుంచి కిందికి కాలి, జడ విప్పగానే కిరసనాయిలు వాసన గుప్పుమంటే మాత్రం సంగతి వేరు. ఆ తేడా మా వార్డు ఆయాక్కూడా తెలుసు. చెప్పమని అడిగినవాళ్ళే లేరు.

ఆడవాళ్ళ మీద హింస గురించి చరిత్ర రాసేవాళ్ళు చట్టాల దగ్గర మొదలుపెడతారు. 1961లో వరకట్న నిషేధం, 1983లో అత్తింటి వేధింపుల మీద ఐ.పి.సి. 498ఎ, పెళ్ళయిన ఏడేళ్ళలోపు కట్నం వేధింపులతో చనిపోతే వర్తించే 304బి 1986లో. అవన్నీ నిజమే, అవసరమే. నేను మాత్రం డ్రెస్సింగ్ టైము దగ్గర మొదలుపెడతాను.

పొద్దున్నే ట్రాలీ కదలగానే "అటెండెంట్లందరూ బయటికి నడవండి" అని ఒక కేక వేసేవాళ్ళం. ఇన్ఫెక్షన్ రాకూడదని పెట్టుకున్న నియమం అది. కాలిన ఒంటికి దుప్పటి తగలకుండా మంచం మీద ఇనప క్రేడిల్ ఉండేది. దాన్ని తీసి, పాత గాజుగుడ్డని సెలైన్‌తో బాగా నానబెట్టి, అంచు నుంచి కొంచెం కొంచెంగా ఒలుచుకుంటూ రావాలి. తొందరపడితే కొత్తగా వస్తున్న చర్మం కూడా ఊడొస్తుంది. తర్వాత తెల్లటి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము. కొన్ని ఆసుపత్రుల్లో శుభ్రం చేసిన అరటాకు పరిచేవాళ్ళు, పుండుకి అంటుకోదని. అంతసేపూ ఆ మంచం దగ్గర పేషెంటు, నర్సు తప్ప ఇంకెవరూ ఉండరు. అందరి ముందూ స్టవ్ పేలిందన్న మనిషే అక్కడ నోరు విప్పేది. "పిల్లాడు వాళ్ళ దగ్గరే ఉన్నాడు సిస్టర్. నేను చెప్తే వాణ్ణేం చేస్తారో."

మా హెడ్ నర్సు మితభాషి. కొత్తగా చేరినవాళ్ళకి ఒకటే చెప్పేది: "నువ్వు ప్రశ్నలు వెయ్యకు. చేతుల పని చేతులు చేసుకుంటూ పోనీ. ఆ పిల్లే చెప్తుంది."

చెప్పింది ఎక్కడికి పోయేది? కాజువాలిటీలో మెడికో లీగల్ కేసుల (ఎం.ఎల్.సి.) రిజిస్టరు రాసేది డాక్టరు. మరణ వాంగ్మూలం తీసుకునేది మేజిస్ట్రేటు. స్పృహలోనే ఉందని సంతకం పెట్టేది మళ్ళీ డాక్టరే. చేతివేళ్ళు కాలిపోయి ఉంటే కాలి బొటనవేలి ముద్ర వేయించేవాళ్ళు. కాలు కదలకుండా పట్టుకునేది నర్సు. ఆ కాగితంలో మా పేరుండదు. మాకున్నదల్లా రిపోర్టు బుక్కు. అందులో నొప్పి, ఉష్ణోగ్రత, మూత్రం ఎంతొచ్చింది, ఇంజక్షన్ ఎప్పుడిచ్చాం, అంతవరకే. కాలిన చీర పీలికలు బకెట్లోకి పోయేవి.

విచిత్రం ఏమిటంటే, వాంగ్మూలం మేజిస్ట్రేటే వినాలని చట్టం ఎన్నడూ అనలేదు. అప్పటి సాక్ష్యాధారాల చట్టం 32వ సెక్షన్ ఎవరికి చెప్పినా చెల్లుతుందనే అనేది. వాంగ్మూలం తీసుకున్నవాళ్ళు ఆమె స్పృహలో ఉందని రూఢి చేసుకుంటే డాక్టరు సర్టిఫికెట్ లేకపోయినా కొట్టిపారెయ్యక్కర్లేదని 2002లో లక్ష్మణ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇది మాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే రిపోర్టు బుక్కులో ఇంకో రెండు లైన్లు పడేవి.

నర్సుల సంగతి మాట్లాడుకుంటూ అరుణా శాన్‌బాగ్‌ని దాటి పోలేం. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు. 1973 నవంబరులో అదే ఆసుపత్రిలో ఒక వార్డ్ బాయ్ ఆమె మెడకు కుక్క గొలుసు బిగించి అత్యాచారం చేశాడు. అతని మీద పెట్టినవి దోపిడీ, హత్యాయత్నం కేసులే, అత్యాచారం ఊసే లేదు. పడింది ఏడేళ్ళ శిక్ష. ఆమె మంచం మీద బతికింది 2015 మే దాకా. ముంబై నర్సులు అప్పట్లో సమ్మె చేశారు. తర్వాత కె.ఇ.ఎం. నర్సులు 42 ఏళ్ళు, తరం తర్వాత తరం, ఆమెకి తినిపించి, స్నానం చేయించి, పక్కలు మార్చారు. అన్నేళ్ళూ ఒంటి మీద పడకపుండు లేకుండా చూశారంటే అందులో ఎంత చాకిరీ ఉందో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. 2011లో కారుణ్య మరణం పిటిషన్‌ని తోసిపుచ్చుతూ సుప్రీంకోర్టు వాళ్ళ సేవని మెచ్చుకుంది. మెచ్చుకోలు సరే. దాడి జరిగినప్పుడు అది అత్యాచారమని కాగితం మీద పెట్టనివ్వకపోవడం నాకింకా మింగుడుపడదు.

2000లో ముంబైలోనే ఇంకో మంచిపని మొదలైంది. బాంద్రా భాభా మున్సిపల్ ఆసుపత్రిలో సెహత్ సంస్థా, నగరపాలక సంస్థా కలిసి 'దిలాసా' కేంద్రం పెట్టాయి. దెబ్బలతో వచ్చిన ఆడమనిషిని పక్కకి తీసుకెళ్ళి ఎలా అడగాలో నర్సులతో సహా సిబ్బందికి నేర్పారు. ఇంట్లోంచి కాలు బయటపెట్టనివ్వని మొగుడు కూడా ఆసుపత్రికి మాత్రం పంపక తప్పదు కదా! మా డ్రెస్సింగ్ టైముకి ఒక గదీ, ఒక పద్ధతీ ఏర్పడ్డట్టు తోచింది నాకు.

ఢిల్లీ నిర్భయ అత్యాచార ఘటన తర్వాత 2013లో నేర చట్టాలకి సవరణ వచ్చింది. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఏవైనా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి, కాదంటే ఏడాది దాకా జైలు. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు రెండువేళ్ళ పరీక్షని నిషేధించాయి. పోలీసు ఫిర్యాదు వద్దన్నా వైద్యం ఆపకూడదన్నాయి. నర్సు పనీ మారింది. ఒంటి మీంచి రాలినవి పోకుండా ఆమెని కాగితం మీద నిలబెట్టి బట్టలు విప్పించాలి. తడి బట్టలు నీడన ఆరాకే కాగితం సంచిలో పెట్టి సీలు వెయ్యాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పట్టి ఆధారం పాడవుతుంది. ఇప్పుడెవరూ బకెట్లో పడెయ్యరు, అది చాలా పెద్ద మార్పు.

అమెరికాలో 1976లోనే మెంఫిస్‌లో అత్యాచార బాధితుల వైద్య పరీక్షలు నర్సులే చెయ్యడం మొదలుపెట్టారు. అక్కడ తర్ఫీదైన నర్సు తానే నివేదిక రాసి కోర్టులో సాక్ష్యం చెప్తుంది. మన చట్టం ఇప్పటికీ రిజిస్టర్డ్ వైద్యుడే అంటుంది. సంతకం సంగతి అటుంచండి, నన్నడిగితే ముందు కావలసింది మనుషులు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలి. నా సర్వీసులో నైట్ డ్యూటీలో ఆ లెక్క సరిపోయిన వార్డు నేను చూడలేదు. ఒకామెని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి కూర్చుంటే, మిగతా మంచాల సెలైన్లు ఎవరు చూడాలో ఏ మార్గదర్శకమూ రాయలేదు.