యౌవనం సరుకైన చరిత్ర

ముసలితనాన్ని తప్పించుకోవాలన్న కోరిక మనిషికి కొత్తది కాదు. యయాతి తన కొడుకు పూరుని యౌవనాన్నే అడిగి పుచ్చుకున్నాడు. ఆ పాత కోరికకు సీసానూ, ధరనూ తగిలించింది ఇరవయ్యో శతాబ్దం.

1956లో డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాలను దెబ్బతీస్తాయనీ, ఆ దెబ్బలు పోగుపడడమే వార్ధక్యమనీ అతని వాదం. వాటిని అణచగలవు గనుక సి, ఇ విటమిన్లకూ, బీటా కెరోటిన్‌కూ యాంటీ ఆక్సిడెంట్లుగా గిరాకీ పుట్టింది. ఊహ విలువైనదే. కాని ఊహ రుజువు కాదు.

1970లో లైనస్ పౌలింగ్ జలుబుకు విటమిన్ సి మందని పుస్తకం రాశాడు. రెండు నోబెల్ బహుమతులందుకున్న ఆయన కీర్తి వర్తకులకు ఖర్చులేని పెట్టుబడి అయింది. సరిగ్గా ఆ సంవత్సరమే మన దేశంలో, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా, పసిపిల్లల చూపు పోకుండా ఆరునెలలకొకసారి విటమిన్ ఎ ఇచ్చే కార్యక్రమం మొదలైంది. ఇది లేమికి చికిత్స. అది కలిగినవాడికి అమ్మే అదనపు సరుకు. ఈ తేడాను చెరిపివేయడంలోనే వ్యాపార రహస్యమంతా ఉంది.

1994లో ఫిన్లాండు నుంచి ఫలితాలు వచ్చాయి. పొగతాగే 29,133 మంది పురుషులపై జరిపిన పరీక్షలో, బీటా కెరోటిన్ తిన్నవారికి ఊపిరితిత్తుల కాన్సరు 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో పొగతాగేవారికీ, ఆస్‌బెస్టాస్ ధూళిలో పనిచేసిన కార్మికులకూ బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎతో కలిపి ఇస్తే కాన్సరు 28 శాతం పెరిగింది. ఆ పరీక్షను 1996లో గడువుకు ముందే ఆపేశారు. ఫ్రీ రాడికల్స్ ఉత్త శత్రువులు కావు. తెల్ల రక్తకణాలు క్రిములను చంపేది వాటితోనే. అన్నింటినీ అణచడం ఆరోగ్యం కాదు.

మరి శాసనం ఏం చేసింది? అదే 1994లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, ఇలాంటి బిళ్ళలు పనిచేస్తాయని అమ్మకానికి ముందు ప్రభుత్వానికి రుజువు చూపనక్కరలేదు. శాస్త్రం సందేహించిన సంవత్సరంలోనే సంత తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

ఆ కార్మికుడి ఊపిరితిత్తులను పాడుచేసింది విటమిన్ల కొరత కాదు, అతడు పీల్చిన ధూళి. ఆ ధూళిని ఆపడం యజమానికి ఖర్చు. బిళ్ళ కొనడం కార్మికుడి ఖర్చు. ఆరోగ్యంగా వృద్ధులం కావడమంటే శుభ్రమైన గాలి, పొగాకు లేని బతుకు, పళ్ళూ కూరలూ కొనగల కూలి, పనిచేయలేని వయసులో పింఛను. వీటిని సీసాల్లో నింపి అమ్మలేరు. అందుకే వీటికి ప్రకటనలు లేవు. వీటిని మనం అడిగి సాధించుకోవలసిందే.