తీగ కొసన ఉన్న బావి

తాడిపత్రి పెన్నానదికి దక్షిణతీరమున వెలసిన ఊరు. విజయనగరకాలపు బుగ్గ రామలింగేశ్వరాలయమున లింగము చెంత ఊట ఊరుచుండగా, గుడి ప్రక్కనే పెన్న పెక్కు నెలలు ఇసుకమేటయై యుండును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ అనంతపురసీమలో బావినీటిని తోడు సాధనముల చరిత్రయే చాలవరకు సేద్యపు చరిత్ర.

వెనుకటి దినములలో ఆ సాధనము కపిల. గిలకమీదుగా మోకు నడువ, జోడెడ్లు వాలుబాట దిగినపుడు తోలుబాన పైకి వచ్చి తొండము నోట తొట్టిలో నీరు గ్రుమ్మరించి, అవి వెనుకకు నడిచినపుడు మరల బావిలో మునుగుచుండెను. పారుదల ఎడ్ల బలమును, బావి లోతును అనుసరించి యుండెడిది. ఒకని కపిల పొరుగువాని కపిలను మందగింపజేసెడిది కాదు.

1953లో తుంగభద్రపై ఆనకట్ట నిలిచి, ఆ దశాబ్దమందే అచ్చట విద్యుదుత్పత్తి ఆరంభమై, 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడిన పిమ్మట, తీగలు క్రమముగా ఈ మెట్టపొలములకు ప్రాకినవి, కపిలమోకులు అటకెక్కినవి. ఎవరి బావి వారిదే యైనను తీగ మాత్రము ఉమ్మడి యయ్యెను.

ఈ ఉమ్మడితనపు ధర్మమును ఐరోపా పండితులు శతాబ్దమునకు ముందే లెక్కగట్టియుండిరి. ప్రవాహమును నిరోధముచే గుణించిన వచ్చునదే వోల్టేజి నష్టమను సూత్రమును జార్జ్ ఓమ్ 1827లో గ్రంథముఖమున ప్రకటించెను. కూడలికి వచ్చు ప్రవాహమెంతో పోవునదియు నంతయే యని 1845లో, ఇంకను విద్యార్థిగా ఉండగనే, కిర్కాఫ్ నిరూపించెను. కావున ట్రాన్స్‌ఫార్మర్ దాపునగల తీగముక్క అన్ని మోటార్ల కరెంటును మోయవలెను. దారిపొడవున జరిగిన నష్టములన్నియు కూడి కొసబావి వాని పాలబడును.

వోల్టేజి తగ్గినంతమాత్రమున మోటారుపై భారము తగ్గదు గనుక అది అధికముగా కరెంటును గుంజును. ఆ కరెంటు పుట్టించు వేడి, 1841లో జూల్ ప్రకటించినట్లు, ప్రవాహపు వర్గమును బట్టి పెరిగి, వార్నిషు కమురువాసనతో వైండింగును మాడ్చివేయును. నీరందని రైతు ఇంకను పెద్ద మోటారు బిగించినచో, తీగపై భారము హెచ్చి అందరికిని కీడే మిగులును.

1980ల తొలినాళ్లలో సేద్యపు కరెంటు బిల్లునకు మీటరు లెక్క పోయి మోటారు అశ్వశక్తి (హెచ్.పి.) లెక్క వచ్చెను, 2004లో సేద్యపు కరెంటు ఉచితమయ్యెను. కొసన ఉన్నవానికి బిల్లు తగ్గినది గాని వోల్టేజి పెరుగలేదు. అందుకు ఉపాయము 11,000 వోల్టుల లైనునే పొలములోనికి తెచ్చి, రెండుమూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నిలుపుట. 415 వోల్టులకు బదులు 11,000 వోల్టులతో అదే శక్తిని పంపినచో కరెంటు సుమారు 26వ వంతునకును, ఒకే తీగయందు నష్టము సుమారు 700వ వంతునకును దిగును. ధరను మార్చిన ఉత్తరువులు బిల్లును తగ్గించినవేమో గాని, కొసబావికి న్యాయము చేయగలిగినది ఈ లెక్కయే.