గాలితో నడచు పంపు



కొల్లేటికోట ప్రాంతమున చేపలచెరువు గట్టుమీద రాత్రివేళ నిలిచినవారికి ముందుగా వినవచ్చునది కప్పల బెకబెక కాదు, మోటారుల మ్రోత. చెరువులోనికి నీరు తోడు పంపు ఒకటి, నీటికి గాలి పట్టించు చక్రము మరియొకటి. నీరు, గాలి అను నీ రెంటిని మనుష్యుడు తన పనికి లొంగదీసికొనిన చరిత్రలో నొక చిన్న భాగమును నేడు మీకు మనవిచేయ దలచితిని. నేను పండితుడను గాను. ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ నలువది సంవత్సరములు పంపులు విప్పి బిగించినవాడను. కావున నా చరిత్రకు అక్కడక్కడ గ్రీజు మరకలుండును, మన్నింపుడు.

మన తాతలు నీరు తోడిన సాధనములు మీకు క్రొత్తవి గావు. మెట్టసీమలో మోట, పల్లమున ఏతము, గూడ. ఇరువురు మనుష్యులు ఎదురెదురుగా నిలిచి, త్రాళ్లు కట్టిన బుట్టను ఒకే ఊపున ముంచి, ఒకే ఊపున ఎగువచేనిలోనికి కుమ్మరించుట గూడ వేయుట. ఒకని ఊపు తప్పెనా, నీరంతయు రెండవవాని మోకాళ్లమీదనే. కొల్లేటి పక్షులలో గూడబాతునకు ఆ పేరు దాని ముక్కు క్రింది సంచిని బట్టియే వచ్చియుండునని నాకు తోచును. అదియు నీటితో గూడ చేపను ఎత్తి, నీరు విడిచి, చేపను మ్రింగును గదా. మోటతోలునకు ఆముదము పట్టింపకున్న ఎండి పగులును. గూడత్రాడు ఎక్కడ నలిగినదో ప్రొద్దుననే చూచుకొనకున్న మధ్యాహ్నమునకు తెగును. నా వృత్తి యంతయు ఈ రెండు జాగ్రత్తలనుండి పుట్టినదే.

ఇక పంపు సంగతి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున టెసీబియస్ అనునాతడు రెండు గొట్టములును, వానిలో మార్చి మార్చి దిగు రెండు ముషలకములును, నీరు వెనుకకు మరలకుండ మూతలును గల జంటపంపును కల్పించెనని రోమను శిల్పి విట్రూవియస్ వ్రాసియున్నాడు. ఈ టెసీబియస్ మంగలి కుమారుడట. ఆ మూతలనే నేడు మనము వాల్వు లనుచున్నాము. తరువాత పదునెనిమిది వందల యేండ్లకు పైగా పంపు నీటిని పీల్చునని లోకము నమ్మెను. ముప్పదినాలుగు అడుగులకు మించి ఎంత మంచి పంపైనను పీల్చుకొనజాలదని ఇటలీ పనివారికి అనుభవమున తెలియును, ఏలనో తెలియదు. గెలీలియో 1638 నాటి గ్రంథమున ఈ చిక్కును ప్రస్తావించెను. ఆయన శిష్యుడు టారిసెల్లి 1643 ప్రాంతమున పాదరసముతో పరీక్షచేయించి, పంపు పీల్చుట లేదనియు, మన నెత్తిమీదనున్న గాలియే తన బరువుతో నీటిని గొట్టములోనికి త్రోయుచున్నదనియు తేల్చెను.

ఈ సత్యము మన రైతునకు మరియొక దారిని తెలిసినదే. ఫుట్ వాల్వు కారి పంపు నీరెత్తనప్పుడు పేడనీళ్లు పోసి సందులు పూడ్చిన చేతులు ఈ సభలోను ఉండవచ్చును. సందులోనుండి గాలి దూరిన చోట నీరు రాదు, అంతే.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున చెన్నపురి రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు నూనె ఇంజనులకు పంపులు తగిలించి సేద్యమునకు వాడుడని రైతులకు నచ్చచెప్పెను. మన పల్లమునకు వాని అవసరము వేరుగా వచ్చినది. గోదావరి ఆనకట్ట 1852 నాటికిని, కృష్ణ ఆనకట్ట 1855 నాటికిని పూర్తియగుటతో కాలువనీరు తనంతట తానే చేనికి పారెను. పారినది పోవలసిన చోటు కొల్లేరాయెను. 1970ల తరువాత చేపలచెరువులు వ్యాపించి పంపులు వేలకు వేలుగా దిగెను. 2006లో సరస్సు గర్భమునందలి గట్లను ప్రభుత్వము తెగగొట్టించినప్పుడు ఆ గట్లతోపాటు నేను బిగించిన పంపులు కొన్ని ఊడి ఒడ్డున పడియుండుట చూచితిని. అది వేరే కథ.

అంతవరకు గాలి పంపునకు చాటునుండి సాయపడినది. గాలినే యెద్దుగా గట్టుట తరువాతి మాట. ఫ్రాన్సునకును ఇటలీకిని నడుమ ఆల్ప్సు పర్వతములలో 1857లో మొదలిడిన సొరంగమున ఆవిరియంత్రము నడపుటకు వీలులేకపోయెను. పొగకు మనుష్యులు చత్తురు. అప్పుడు సొమ్మెయే అను ఇంజనీరు వెలుపల గాలిని గట్టిగా అదిమి, గొట్టములద్వారా లోనికి పంపి, దానితో రాతిని దొలుచు సాధనములను 1861 నుండి నడిపించెను. పనిచేసి వెలువడిన గాలియే పనివారికి ఊపిరి యైనది. 1871లో ఆ దారిన రైలు నడచెను.

అదిమిన గాలితోనే ద్రవములను తోడు జంటపొరల పంపును 1955లో అమెరికాలో జిమ్ విల్డెన్ అనునాతడు కల్పించెను. మన కమ్మరి కొలిమితిత్తులు రెంటిని వీపుకు వీపుగా ఒకే ఇరుసునకు కట్టినట్లు తలపుడు. ఒక రబ్బరుపొర వెనుక గాలి నిండగా అది తనముందున్న ద్రవమును బయటికి త్రోయును. ఇరుసుచే లాగబడి రెండవపొర తనవైపు ద్రవమును లోనికి తెచ్చుకొనును. పిదప గాలి ప్రక్క మారును. టెసీబియస్ ముషలకములు తిత్తులైనవి, వాల్వులు గోలీలైనవి.

కారు కడుగు దుకాణములకు ఈ జాతి పంపు అమరినంతగా మరియేదియు అమరదు. అమెరికాలో కారు గలవాడే నాణెము వేసి, గొట్టము చేతబట్టి, తన బండిని తానే కడుగుకొను పాకలు వెలసినవి. అచ్చట నేలయంతయు తడి. సబ్బునీరు, ఆమ్లము, క్షారము. అట్టిచోట కరెంటు పంపు కంటె గాలిపంపు క్షేమము. పైగా చేతిలోని మీట మూసిన క్షణమున అది ఆగును, తెరచిన క్షణమున కదలును, ఆగినందున కాలిపోదు. మన రహదారిమీద వాటర్ సర్వీసింగు దుకాణములలో కడుగువారు కూలివాండ్రు, అక్కడ యజమానులు. పంపునకు ఆ భేదము తెలియదు.

దాని శత్రువులు రెండు. మొదటిది గాలిలోని తేమ. కొల్లేటి గాలిని అదిమినచో కంప్రెసరు తొట్టి యడుగున నీరు చేరును. ప్రతిదినము ఆ నీటిని వదలకున్న అది గాలివాల్వులోనికి పోయి తుప్పును, జిగురును పట్టించి పంపును నడుమనే నిలుపును. రెండవది మనుష్యుని తొందర. ఆమ్లమునకు ఓర్చు రబ్బరు తరచుగా నూనెకు ఓర్వదు, నూనెకు ఓర్చునది తరచుగా ఆమ్లమునకు ఓర్వదు.

ఈ రెండవదానిలో నేను తప్పుచేసితిని. ఒక దుకాణమున సబ్బుపంపు చక్రములు కడుగు ఆమ్లమునకు కావలెననిరి. సంక్రాంతి ముందటి దినములు. బండ్లు బారులు తీరియున్నవి. పొరలు మార్చకయే, మంచినీటితో కడుగకయే గొట్టము మార్చి యిచ్చితిని. కొన్నాళ్లకు పొర చినిగెను. చినిగినప్పుడు ద్రవము గాలివైపునకు పోయి, గాలి వెడలు రంధ్రముగుండ చిమ్ముననునది నాకు తెలియని సంగతి కాదు. అప్పుడు దానిముందు కూర్చుండి బకెట్టు కడుగుచున్నవాడు పదునెనిమిదేండ్ల కుర్రవాడు. చేయి అడ్డుపెట్టుకొనుటచే కన్ను దక్కినది. మోచేతివరకు చర్మము ఊడినది. నేలమీది ఆమ్లమును గుమ్మరించిన నీటితో కడిగివేసితిమి. ఆ నీరు మురుగుకాలువలోనికి, కాలువ కొల్లేటిలోనికి, కొల్లేరు ఉప్పుటేరుగుండ సముద్రములోనికి. దుకాణపువాడు నన్నేమియు అనలేదు. కుర్రవాని తల్లి మాత్రము, “అయ్యా, మీరు పెద్దవారు, చూచుకోవద్దా?” అన్నది.

నాటినుండి నేను పంపును చెవితో పరీక్షింప నేర్చితిని. మీట మూసి నిలువవలెను. నిశ్శబ్దముగా నున్నచో మంచిది. మూసియున్నను కొంతసేపటికొకసారి టక్కుమన్నచో ఎక్కడనో కారుచున్నది: గోలీక్రింద ఇసుకయో, కీలు వదులో, పొరయే చినిగినదో. ఆగక వడివడిగా కొట్టుకొనినచో డబ్బా ఖాళీ, లేక పీల్చు గొట్టమున గాలి దూరుచున్నది. వచ్చు ద్రవమున బుడగలు కనబడినచో ఇంక ఆలస్యము కూడదు. గాలి కట్టి పంపు విప్పవలసినదే. విప్పునప్పుడు రంధ్రమునకు ఎదురుగా కూర్చుండరాదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు నావద్దనే పనిచేయుచున్నాడు. ద్రవము మార్చినప్పుడెల్ల పొరలను తానే మార్చును, నన్ను ముట్టనీయడు.