కాలియు మాడని తీగె

రొట్టెలు కాల్చు విద్యుత్ పొయ్యిలో వేడిని పుట్టించునది ఒక సన్నని తీగె. అది ఎఱ్ఱగా కాలుచునే యేండ్లతరబడి మాడకుండుట యెట్లు? ఒకనాడు హఠాత్తుగా చల్లబడుట యేల? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము దాని చరిత్రయందే కలదు.

1802లో ఇంగ్లండున హంఫ్రీ డేవీ విద్యుత్ప్రవాహముచే ప్లాటినపు రేకును వెలుగునట్లు కాల్చి చూపెను. 1841లో జేమ్సు జూల్ ఆ వేడికి సూత్రము ప్రకటించెను. ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగురెట్లగును. 1893లో చికాగో ప్రదర్శనమున విద్యుత్తుతో నడచు వంటయిల్లు జనులకు చూపబడెను. అయినను అట్టి పొయ్యిలు ఇంటింటికిని చేరలేదు. తగిన తీగె లేకుండుట అందుకొక ముఖ్యకారణము.

కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుమునుండి పొరలు రాలుట మనమెఱిగినదే. పొర రాలినచోట క్రొత్త ఇనుము బయటపడి, గాలి తగిలి, అదియు మాడును. ఇనుపతీగెకును ఇదే గతి. ప్లాటినము మాడదు గాని దాని వెల సామాన్యులకు అందదు.

1905లో అమెరికాలో ఆల్బర్టు మార్ష్ నికెలునందు క్రోమియమును కలిపి క్రొత్త మిశ్రలోహమును సిద్ధము చేసెను. 1906లో దానికి పేటెంటు పొందెను. అదియే నిక్రోము. అందు సుమారు 80 పాళ్లు నికెలు, 20 పాళ్లు క్రోమియము. ఇది కాలినపుడును పైన పొర యేర్పడును. కాని ఆ పొర రాలక, కవచమువలె అంటియుండి లోని లోహమును గాలినుండి కాపాడును. రాగికంటె అరువదిరెట్లకు పైగా ప్రవాహమును నిరోధించుటచే కొద్దిపాటి తీగెతోనే మిక్కిలి వేడి పుట్టును.

అయినను ఈ కవచము శాశ్వతము కాదు. కాలి చల్లాఱుటలో తీగె సాగి ముడుచుకొనును; పొర బీటలువాఱును; దానిని పూడ్చుటకు లోని క్రోమియము వ్యయమగును. ఒకచోట తీగె సన్నబడినచో అచ్చటనే వేడి హెచ్చి, మఱింత సన్నబడి, తుదకు తెగును.

పొయ్యి వేడెక్కనపుడు మొదట ఫ్యూజును, ప్లగ్గును చూడవలెను. అవి బాగున్నచో, ప్లగ్గును గోడనుండి పూర్తిగా తీసి, పొయ్యి చల్లాఱిన పిమ్మట, తెలిసిన పనివానిచే తీగె కొనలను విప్పించి ఓములు కొలిపింపవలెను. 230 వోల్టులపై 1000 వాట్ల తీగెకు లెక్క యిది: 230ని 230తో గుణించి 1000చే భాగింపగా సుమారు 53 ఓములు. ముల్లు కదలనిచో తీగె తెగినది. తీగెకును పైగొట్టమునకును నడుమ ప్రవాహమునకు దారి కనబడినచో, అది తెగిన తీగెకంటె ప్రమాదకరము. పొయ్యిని ముట్టినవానికి ప్రాణాపాయము.

తెగిన తీగెను సాగదీసి ముడివేయుట కొందఱి పొదుపు. తెగినకొన పోయి తీగె పొట్టియైనచో నిరోధము తగ్గి, ప్రవాహము హెచ్చును. ముడి వదులైనచో అచ్చటనే నిప్పు పుట్టును. అంతే వోల్టులు, అంతే వాట్లు గల క్రొత్త తీగెనే వేయించి, ఎర్తు తీగెను మరల బిగింపవలెను. తీగె వెల స్వల్పము. దానిని మిగిల్చుకొనుటకై యింటివారి ప్రాణమును పణముగా పెట్టరాదు.