నేరం నెపం, నగరమే నాయకుడు

గ్రాండ్ తెఫ్ట్ ఆటో అనగానే, ఆడనివాళ్ళకు కార్ల దొంగతనాలు, తుపాకుల మోత గుర్తొస్తాయి. ఆడినవాళ్ళకు ముందుగా ఊళ్ళు గుర్తొస్తాయి. లిబర్టీ సిటీ, వైస్ సిటీ, లాస్ శాంటోస్: ఏ దేశపటంలోనూ లేని ఆ ఊళ్ళలో ఏ మలుపు తిరిగితే ఎక్కడ తేలతామో మాకు కంఠతా వచ్చు. 1997 నుంచి సాగుతున్న ఈ ఆటల వరసను ఒక్కసారి వెనుదిరిగి చూస్తే, తెర మీద ఒక నగరాన్ని బతికించాలన్న తపనే నాకు అడుగడుగునా కనిపిస్తుంది. ఆ నగరానికీ అందులో తిరిగే మనిషికీ ముడి బిగిసినప్పుడల్లా ఈ ఆటలు గొప్పవయ్యాయి. ముడి వదులైనప్పుడు ఎంత పెద్దవైనా వెలితిగానే అనిపించాయి.

మొదలు స్కాట్లండ్‌లోని డండీలో. 'లెమ్మింగ్స్' ఆటతో పేరు తెచ్చుకున్న డీఎంఏ డిజైన్ సంస్థ, డేవిడ్ జోన్స్ నాయకత్వంలో 'రేస్ ఎన్ చేజ్' అనే దొంగా-పోలీసు ఆటకు పూనుకుంది. పోలీసుగా ఆడితే మజా రాలేదు. సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ, జనాన్ని తప్పించుకుంటూ బండి నడపడానికి ఎవరు ఇష్టపడతారు? ఈలోగా ప్రోగ్రామ్‌లో దొర్లిన ఒక పొరపాటు వల్ల పోలీసు కార్లు పిచ్చెత్తినట్టు మీదకొచ్చి గుద్దడం మొదలుపెట్టాయి. పరీక్షించేవాళ్ళకు అదే తెగ నచ్చింది. అలా ఆటగాడు దొంగ పక్షానికి మారాడు. 1997లో విడుదలైన ఆ మొదటి ఆటలో ఊరిని పైనుంచి చూడాలి. మనుషులు చీమల్లా కనిపిస్తారు. అయినా, చెప్పిన పని పక్కనపెట్టి ఊరి మీద పడి తిరగొచ్చన్న స్వేచ్ఛ అక్కడే పుట్టింది.

కెమెరా వీధిలోకి దిగింది 2001 అక్టోబరులో, ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన మూడో భాగంతో. అప్పటికి డీఎంఏ డిజైన్ సంస్థ శామ్, డాన్ హౌజర్ సోదరుల రాక్‌స్టార్ గొడుగు కిందికి వచ్చింది. న్యూయార్క్ నమూనాలో కట్టిన లిబర్టీ సిటీ అది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత విడుదల కొన్ని వారాలు వెనక్కి జరిగింది, కొన్ని మార్పులూ జరిగాయి. ఇందులో కథానాయకుడు నోరు విప్పడు, ఊరే మాట్లాడుతుంది. రేడియోలో జనం వాదించుకుంటారు, వాన మొదలైతే రోడ్డు తళతళలాడుతుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకొకటి. దొంగిలించిన టాక్సీతోనే దొంగతనం మానేసి బేరాలు తోలుకోవచ్చు. అంబులెన్స్ ఎక్కితే రోగులను ఆస్పత్రికి చేర్చొచ్చు. నేరాల ఆటలో బతుకుతెరువు చూసుకునే వీలుందంటే, ఊరు నిజంగా ఊరైనట్టే.

మరుసటి ఏడే వైస్ సిటీ వచ్చింది. 1986 నాటి మయామీని తలపించే సముద్రతీరం, నియాన్ దీపాలు, కథానాయకుడు టామీ వెర్సెట్టికి నటుడు రే లియోటా గొంతు. 2003లో కంప్యూటర్‌కు వచ్చాక మన తెలుగు ఊళ్ళ నెట్ సెంటర్లలో ఈ ఆట రాజ్యమేలింది. పక్కవాడి వెనక నిలబడి చూస్తూ, పోలీసులు వెంటపడగానే "స్టార్లు పడ్డాయిరా, పరిగెత్తు" అని అరవడం, చీట్ కోడ్‌లు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోవడం ఒక తరానికి పరిచయమైన ముచ్చట్లు. ఆటలోని ఫ్లాష్ ఎఫ్ఎం రేడియోలో 'బిల్లీ జీన్' వినిపిస్తుంటే మిషన్ సంగతి మరిచిపోయి, పాట అయ్యేదాకా సముద్రం పక్కనే బండి నడిపినవాళ్ళం. కథ పాత మాఫియా సినిమాల బాణీలోనే సాగింది. ఆ కాలం గాలి మాత్రం పాటల వల్ల అచ్చంగా వీచింది.

నా దృష్టిలో ఈ వరసకు శిఖరం 2004 నాటి శాన్ ఆండ్రియాస్. మూడు నగరాలు, వాటి నడుమ పల్లెలు, కొండలు, ఎడారి. తల్లి చావుకు ఇంటికొచ్చిన సీజే అనే నల్లజాతి యువకుడి కథ. తిండి తింటే ఒళ్ళొస్తుంది, కసరత్తు చేస్తే కండ వస్తుంది. ఆ ఒంటి మీది శ్రద్ధ కన్నా వీధి మీది మమకారం గొప్పది. ప్రాణమిచ్చే స్నేహితుడనుకున్న బిగ్ స్మోకే ద్రోహం చేస్తాడు. టెన్‌పెనీ అనే అవినీతి పోలీసు సీజేని ఊరికి దూరంగా పల్లెలో దించేసిపోతాడు. చాలా కాలానికి తిరిగొచ్చేసరికి, ఒక్కో వీధీ గెలిచి నిలబెట్టుకున్న పేటల్లో శత్రువుల రంగు బట్టలు తిరుగుతుంటాయి. అప్పుడు కలిగే కోపం ఆటలో ఓడిపోయిన కోపం కాదు. సొంత ఇంట్లో పరాయివాళ్ళు కాపురం పెట్టినప్పటి కోపం అది. కథ చివర చెలరేగే అల్లర్లలో 1992 నాటి లాస్ ఏంజెలెస్ స్పష్టంగా కనిపిస్తుంది. ఆటలో వినోదమూ, అమెరికా నల్లజాతి పేటల గాయమూ ఒకే వీధిలో కలిసిన చోటు అది.

నిందలు కూడా ఈ ఆటల వెంటే నడిచాయి. శాన్ ఆండ్రియాస్ ఫైళ్ళలో దాగి ఉన్న శృంగార దృశ్యాలు 2005లో బయటపడినప్పుడు, అమెరికాలో దాని రేటింగ్‌ను పెద్దలకు మాత్రమే అనే స్థాయికి మార్చారు. ఇవి పెద్దల ఆటలన్నది నేనూ ఒప్పుకుంటాను. హింస కన్నా నన్ను ఎక్కువగా నొప్పించింది ఆడవాళ్ళను చూపిన తీరు. మూడో భాగం నుంచి అయిదో భాగం దాకా ప్రధాన కథలన్నీ మగవాళ్ళవే. స్త్రీలు చాలావరకు ఎర, బరువు, నవ్వులాట. ఇంత నిండైన నగరాలు కట్టినవాళ్ళు సగం జనాన్ని చూడకపోవడం పెద్ద లోటు.

2008 నాటి నాలుగో భాగం రంగులు తగ్గించి బరువు పెంచింది. బాల్కన్ యుద్ధం నుంచి వచ్చిన నీకో బెల్లిక్, తన దళాన్ని పట్టిచ్చిన ద్రోహి కోసం లిబర్టీ సిటీలో వెతుకుతుంటాడు. డార్కో అనే ఆ ద్రోహి చివరికి దొరుకుతాడు. మత్తుమందులకు చిక్కి, శిథిలమైపోయి ఉంటాడు. నేస్తాల ప్రాణాలకు ఎంత పుచ్చుకున్నావని అడిగితే వెయ్యి డాలర్లని తేలుతుంది. చంపడమో వదలడమో మన చేతికే వదిలేస్తుంది ఆట. చంపినా నీకోకు శాంతి దొరకదు. నేరాన్ని సరదాగా అమ్మిందని పేరుపడ్డ ఆట, పగ ఎంత ఖాళీదో ఇంత సూటిగా చెప్పింది.

2013 సెప్టెంబరు 17న అయిదో భాగం వచ్చింది. మూడు రోజుల్లో వంద కోట్ల డాలర్ల అమ్మకాలు, ఇప్పటికి ఇరవై కోట్లకు పైగా ప్రతులు. ఒక కథలో ముగ్గురు నాయకులు. ఒకరి నుంచి ఒకరికి మారినప్పుడల్లా వాళ్ళు తమ పనిలో తాము ఉండటం చూస్తే, మనం చూడకపోయినా ఊరు నడుస్తూనే ఉందన్న నమ్మకం కలుగుతుంది. పనితనంలో దానికి సాటి లేదు. కాని ఆ ముగ్గురిలో మైకేల్, ట్రెవర్ ఆ ఊరిని ప్రేమించరు, వాడుకుంటారు. ఆపై పలువురు కలిసి ఆడే జీటీఏ ఆన్‌లైన్ వచ్చింది. దృష్టి అటే మళ్ళిందేమో, నాలుగో భాగానికి రెండు అనుబంధ కథలొస్తే, అయిదో భాగానికి ఒక్కటీ రాలేదు. స్నేహితులతో కలిసి తిరిగే సంతోషం నిజమే అయినా, అసలు డబ్బు పోసి ఆట డబ్బు కొనే బజారుగా ఆ నగరం మారిపోయింది.

2021లో పాత ఆటలు మూడింటికి కొత్త మెరుగు దిద్దినప్పుడు ఒక సత్యం బయటపడింది. నాటి యంత్రానికి దూరం చూపే శక్తి లేక శాన్ ఆండ్రియాస్‌లో పొగమంచు పరిచారు. కొత్త ప్రతిలో ఆ పొగమంచు తీసేయగానే, కొండెక్కితే మూడు నగరాలూ ఒక్క చూపులో ఇమిడిపోయాయి. మేం రాష్ట్రమంత అనుకున్నది చిన్న ముక్కేనని తేలిపోయింది. అది పెద్దదిగా అనిపించింది విస్తీర్ణం వల్ల కాదని, అక్కడ పోగొట్టుకున్నవి, తిరిగి గెలుచుకున్నవి ఉండటం వల్లేనని అప్పుడు నాకు అర్థమైంది.

2023 డిసెంబరులో తొలి ట్రైలర్ విడుదలైన ఆరో భాగం మళ్ళీ వైస్ సిటీకే చేరుతోంది. జైలు దుస్తుల్లో లూసియా అనే యువతి అందులో ముందుగా కనిపిస్తుంది. ఆమె పక్కన జేసన్. ఆ నగరం మునుపటికన్నా పెద్దదనీ అందమైనదనీ ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నేను కోరేది వేరు. లూసియాకు ఆ ఊళ్ళో ఒక వీధి సొంతమవ్వాలి. దాన్ని పోగొట్టుకుంటే మనకు కడుపు మండాలి. అంతటి వీధి ఒక్కటి కట్టగలిగితే, ఈ మూడు దశాబ్దాల ప్రయాణం మళ్ళీ దారిన పడినట్టే.