జోంగా గుండె మార్చవద్దు

జోంగా ఎక్కని ఫౌజీ మనలో అరుదు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే మాటల పొడి అక్షరాలే ఆ పేరు. జపాన్ నిస్సాన్ డిజైను, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్. జబల్‌పూర్ వాహన కర్మాగారంలో 1999 దాకా తయారైంది.

వేలంలో కొన్నవాళ్ళు చాలామంది, పెట్రోలు తెగ తాగుతోందని ఇంజను పీకేసి డీజిలుది బిగించారు. ఖర్చయితే తగ్గింది గానీ, బండి చరిత్ర సగం పోయింది.

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని వాహనానికే వింటేజ్ రిజిస్ట్రేషను. 1970ల తొలినాళ్ళ జోంగాలకు ఆ వయసు వచ్చేసింది. అందుకని ఇంటి దగ్గర బాగుచేసుకునే మిత్రులారా! తుప్పు గీకండి, బ్రేకులు, వైరింగు సరిచేయండి. ఇంజను మాత్రం మార్చకండి. దాని మీది నంబరే ఆ బండి సర్వీసు రికార్డు.