అనాసపువ్వు నుంచి ఫ్లూ మందు దాకా

2020 తొలినాళ్ళలో కరోనా వైరస్ ప్రధాన ప్రోటియేజ్ ఎంజైము నిర్మాణం శాస్త్రజ్ఞులందరికీ అందుబాటులోకి వచ్చింది. వెంటనే పసుపులోని కర్కుమిన్, నేలవేములోని ఆండ్రోగ్రఫోలైడ్ వంటి సహజ పదార్థాలు ఆ ఎంజైమును నిరోధించగలవని కంప్యూటరు గణనల ఆధారంగా చెప్పే పత్రాలు వెల్లువెత్తాయి. అటువంటి గణన విలువ ఎంతో తెలుసుకోవాలంటే ఫ్లూ మందుల చరిత్ర చూడాలి.

ఎంజైములో రసాయన చర్య జరిగే చోట ఒక గుంట ఉంటుంది. వేలాది అణువులను అందులో రకరకాల భంగిమల్లో అమర్చి, ఏది ఎంత బాగా ఇముడుతుందో అంచనా వేసే పద్ధతికి 1982లో కాలిఫోర్నియాలో ఇర్విన్ కుంట్జ్ బృందం పునాది వేసింది.

కణంలో పుట్టిన కొత్త ఫ్లూ వైరస్‌లు బయటపడాలంటే కణం పైనున్న సయాలిక్ ఆమ్లాన్ని న్యూరమినిడేజ్ అనే ఎంజైము తెంపాలి. ఆ ఎంజైము నిర్మాణాన్ని 1983లో ఆస్ట్రేలియాలో వర్గీస్, లేవర్, కోల్మన్‌లు వెల్లడించారు. మన శరీరంలోనే ఉండే సయాలిక్ ఆమ్లం నుంచి చేసిన ఒక నిరోధకం అప్పటికే తెలుసు; కాని అది బలహీనం. పీటర్ గుడ్‌ఫర్డ్ రూపొందించిన గ్రిడ్ అనే ప్రోగ్రాము, గుంటలో ఒకచోట ధనావేశం గల సమూహం బాగా అతుక్కుంటుందని సూచించింది. మార్క్ వాన్ ఇట్జ్‌స్టైన్ బృందం అక్కడికి చేరేలా గ్వానిడీన్ సమూహాన్ని చేర్చగా నిరోధక శక్తి వేల రెట్లు పెరిగింది. 1993లో ప్రకటితమైన ఆ అణువే జనామివిర్. జంతువుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షలు ముగిసి, అమెరికాలో అనుమతి వచ్చేసరికి 1999 అయింది. అప్పటికీ అది నోటి ద్వారా సరిగా ఒంటబట్టదు, పొడిగా పీల్చవలసిందే.

అదే ఏడు అనుమతి పొందిన ఒసెల్టామివిర్ ఆ లోటు తీర్చింది. దాని తయారీకి ముడిసరుకు మన బిర్యానీలో వేసే అనాసపువ్వులోని షికిమిక్ ఆమ్లం. అయితే అనాసపువ్వు కషాయం ఫ్లూను ఆపదు. షికిమిక్ ఆమ్లం న్యూరమినిడేజ్ నిరోధకం కాదు. కర్మాగారంలో వరుసగా అనేక రసాయన చర్యలు జరిగాకే అది మందవుతుంది.

2020 నాటి పత్రాల్లో అధిక భాగం ఈ దారిలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాయి. గణనలో ఎంజైము చాలావరకు కదలని బొమ్మ. చుట్టూ ఉన్న నీరు స్థూలమైన అంచనా. పేగులు, కాలేయం ఆ లెక్కలోకే రావు. కర్కుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పైగా అనేక ప్రోటీన్ పరీక్షల్లో తప్పుడు ఫలితాలు చూపిస్తుందని 2017 నాటి సమీక్ష ఒకటి హెచ్చరించింది. కంప్యూటరు ఇచ్చిన అంకెను చికిత్సా ఫలితంగా చదివితే నష్టపోయేది రోగి.

పద్ధతిలో దోషం లేదు. జపాన్‌కు చెందిన షియోనోగి సంస్థ ఇటువంటి కంప్యూటరు వడపోతతోనే మొదలుపెట్టి, ఎంపికైన అణువులను ప్రయోగశాలలో పరీక్షించి, మెరుగుపరచి, రోగులపై పరిశీలించింది. అలా వచ్చిన ఎన్‌సిట్రెల్విర్‌కు 2022 నవంబరులో జపాన్ అత్యవసర అనుమతి ఇచ్చింది. అది కూడా కరోనా ప్రధాన ప్రోటియేజ్‌ను అడ్డుకునే మందే.